తన ఓడకు తానే యజమాని: కెప్టెన్ పాల్ కఫీ

అమెరికా సంయుక్త రాష్ట్రాలు స్వతంత్ర దేశంగా నిలదొక్కుకున్న తొలి దశాబ్దాలలో ఆ దేశపు బతుకుతెరువు చాలావరకు సముద్రతీరం మీదే ఆధారపడి ఉండేది; ఫెడరల్ ప్రభుత్వ ఖజానాకు చేరే డబ్బులో అత్యధిక భాగం రేవుల్లో వసూలయ్యే దిగుమతి సుంకాలదే కావడంతో, ఓడలు నడిపేవారికీ ఓడల సొంతదారులకూ సమాజంలో పెద్దపీట దక్కేది. ఆ ఓడల మీద పనిచేసే నావికుల్లో ఆఫ్రికా సంతతివారు చాలామందే ఉండేవారు, ఎందుకంటే నేల మీద వారికి తలుపులు మూసిన పనులు ఎన్నో ఉండగా, సముద్రం మీద చేతి నేర్పుకు కొంతైనా విలువ ఉండేది. అయితే తెరచాప ఎత్తే కూలీగా ఉండడం వేరు, ఓడ ఎటు సాగాలో ఆజ్ఞాపించడం వేరు, ఆ ఓడను సొంతం చేసుకోవడం మరీ వేరు. ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చిన తండ్రికీ, అమెరికా ఆదివాసి తల్లికీ పుట్టిన పాల్ కఫీ (1759–1817) ఈ మూడు మెట్లూ ఎక్కాడు. ఆయన జీవితాన్ని కష్టపడి పైకొచ్చిన వ్యాపారి కథగా మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది. ఏ ఓడలు ఆఫ్రికా ప్రజలను పట్టి తెచ్చి అమ్మాయో, అటువంటి ఓడలతోనే, అదే సముద్రం మీద ఎదురు ప్రయాణం చేసి, న్యాయమైన వర్తకంతో ఆ అన్యాయానికి గండి కొట్టవచ్చునని నమ్మి, ఆ నమ్మకానికి తన సంపాదనను ఒడ్డిన మనిషి ఆయన.

ఆయన తండ్రి కోఫీ పశ్చిమ ఆఫ్రికాలో, నేటి ఘనా దేశపు ప్రాంతంలోని అషాంతి జాతివాడు. బాల్యంలోనే బానిసగా మసాచుసెట్స్‌కు చేరి, క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన స్లోకమ్ కుటుంబం కింద పనిచేసి, 1740ల దశకంలో స్వేచ్ఛ పొందాడు. తల్లి రూత్ మోసెస్ వాంపనోగ్ తెగకు చెందినది. 1620లో ఇంగ్లండు నుంచి వలసవచ్చినవారు మసాచుసెట్స్‌లో దిగినప్పుడు వారికి ఎదురైన ఆదివాసులు ఈ తెగవారే. ఈ దంపతులకు పదిమంది పిల్లలు. వారిలో ఏడవవాడైన పాల్ 1759 జనవరి 17న కట్టీహంక్ అనే చిన్న దీవిలో పుట్టాడు. కోఫీ దీవిలో పైసా పైసా కూడబెట్టి, 1766లో ప్రధాన భూభాగం మీద డార్ట్‌మత్ పట్టణ పరిధిలో 116 ఎకరాల పొలం కొన్నాడు. ఒకప్పటి బానిస తన పేరున భూమి పత్రం రాయించుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయితే అది రాతినేల, దాని మీద పెద్ద కుటుంబం బతకడం కష్టమే. 1772లో తండ్రి చనిపోయేనాటికి పాల్ వయసు పదమూడు. తరువాత కొన్నేళ్లకు అన్నదమ్ముల్లో ఎక్కువమంది యజమాని ఇంటిపేరైన స్లోకమ్‌ను వదిలేసి, తండ్రి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. అలా వారు కఫీలయ్యారు.

ఆ తీరంలో కుర్రవాడికి పొలం కాకుండా మిగిలిన దారి తిమింగలాల వేట. విద్యుత్తు గానీ కిరోసిన్ గానీ లేని ఆ కాలంలో తిమింగలం కొవ్వును కాచి తీసిన నూనెతో ఇళ్లలో, వీధుల్లో దీపాలు వెలిగేవి. దాని నోటిలో దువ్వెన పళ్లలా వేలాడే ఎముకలాంటి పట్టీలు గొడుగు ఊచలకూ స్త్రీల దుస్తులకూ పనికివచ్చేవి. నాన్‌టకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ రేవుల సంపద అంతా ఈ వేట నుంచి పుట్టిందే. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంచే, ప్రాణాలు తీసే ఈ పనిలో ఆదివాసులకూ నల్లవారికీ చోటు సులువుగా దొరికేది. పాల్ తొలి ప్రయాణం మెక్సికో గల్ఫ్ వైపు, రెండోది వెస్టిండీస్‌కు. మూడో ప్రయాణంలో, 1776లో, స్వాతంత్ర్య యుద్ధం మొదలైపోయి ఉండగా, ఆయన ఎక్కిన ఓడను బ్రిటిష్ వారు పట్టుకుని, నావికులను న్యూయార్క్‌లో మూడు నెలల పాటు బంధించారు.

విడుదలై ఇంటికి వచ్చాక పాల్ చేసిన పని ఆయన స్వభావాన్ని పట్టి చూపుతుంది. బ్రిటిష్ నౌకలు తీరాన్ని దిగ్బంధం చేయడంతో నాన్‌టకెట్ దీవికి తిండిగింజలు అందడం గగనమైంది. ధరలు ఎంత పెరిగినా సరుకు తెచ్చేవాడు లేడు. పాల్ తన అన్న డేవిడ్‌తో కలిసి పైకప్పు లేని చిన్న పడవ ఒకటి తయారుచేసి, అందులో సరుకు వేసుకుని బయలుదేరాడు. అన్న భయపడి వెనక్కి తగ్గాడు. పాల్ ఒంటరిగా వెళ్లి, సముద్రపు దొంగల చేతికి చిక్కి, సరుకు పోగొట్టుకుని, ఒకసారి పడవనే పోగొట్టుకుని తిరిగి వచ్చి, మళ్లీ పడవ కట్టుకుని వెళ్లాడు. చివరికి లాభం వచ్చింది. సముద్రంలో రాత్రిపూట దీపం లేకుండా దిక్కు పట్టుకోవడం, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు సాగాలో అంచనా వేయడం ఈ దొంగచాటు ప్రయాణాల్లోనే ఆయనకు పట్టుబడ్డాయి. నౌకాయాన గణితాన్ని, అంటే నక్షత్రాల, సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఎక్కడ ఉందో లెక్కగట్టే విద్యను, పట్టుదలగా నేర్చుకున్నాడు. బడి చదువు ఆయనకు పెద్దగా లేదు. తరువాత ఆయన రాసిన ఓడ దినచర్యల్లో అక్షరక్రమం తన చెవికి వినపడినట్టే ఉంటుంది గాని, గాలి దిక్కూ సరుకు లెక్కా మాత్రం ఎక్కడా తప్పవు.

యుద్ధం నడుస్తుండగానే మరో పోరాటం వచ్చి పడింది. బ్రిటిష్ ప్రభుత్వం తమ ప్రతినిధులు లేని పార్లమెంటు చేత పన్నులు వేయిస్తోందన్నదే అమెరికన్ల తిరుగుబాటుకు మూలమైన ఫిర్యాదు. పాల్, అతని అన్న జాన్ ఆ వాదాన్ని మాట మాటగా తీసుకున్నారు. ఓటు ఇవ్వని పట్టణానికి పన్ను ఎందుకు కట్టాలని అడిగి, కొన్నేళ్లపాటు కట్టడం మానేశారు. 1780 ఫిబ్రవరిలో డార్ట్‌మత్‌కు చెందిన మరికొందరు నల్లవారితో కలిసి మసాచుసెట్స్ శాసనసభకు విన్నపం పంపారు. పన్ను వేసేవారిని ఎన్నుకోవడంలో తమకు ఏ పాత్రా లేదనీ, తమ రంగువారు ఎందరో ఈ యుద్ధంలో దేశం తరఫున పోరాడుతున్నారనీ అందులో గుర్తుచేశారు. అదే ఏడాది డిసెంబరులో పన్ను బాకీ కింద అన్నదమ్ములను టాంటన్ జైలులో కొంతకాలం ఉంచారు. చివరికి చాలా తక్కువ మొత్తానికి రాజీ కుదిరింది. ఈ విన్నపం ఒక్కదాని వల్లనే మసాచుసెట్స్‌లో నల్లవారికి ఓటు హక్కు వచ్చిందని చాలాచోట్ల రాశారు, కాని దానికి గట్టి ఆధారం లేదు. జరిగింది ఏమిటంటే, 1778లో ప్రతిపాదించిన రాజ్యాంగ ముసాయిదా నల్లవారినీ ఆదివాసులనూ ఓటుకు దూరం చేయగా ప్రజలు దానిని తిరస్కరించారు. 1780లో ఆమోదం పొందిన రాజ్యాంగం ఓటుకు ఆస్తి అర్హత పెట్టింది గాని రంగు అర్హత పెట్టలేదు. ఆ మార్పు వెనుక ఉన్న అనేక గొంతుల్లో కఫీ సోదరులది ఒకటి. ఇరవై ఒక్కేళ్ల వయసులో, తెల్లవారి పాలనకు వారి మాటనే తిప్పి వినిపించడానికి ఎంత నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు.

1783లో ఆయన వాంపనోగ్ స్త్రీ అయిన ఆలిస్‌ను పెళ్లాడాడు. ఆయన అక్క మేరీ భర్త మైకేల్ వైనర్ కూడా ఆదివాసి, ఆరితేరిన నావికుడు. బావ, బావమరిది కలిసి చేసిన వ్యాపారం క్రమంగా ఒక కుటుంబ సంస్థగా ఎదిగింది. పాతిక టన్నుల చిన్న ఓడతో మొదలై, 1790ల తొలి ఏళ్లలో 42 టన్నుల మేరీ, ఆ తరువాత 69 టన్నుల రేంజర్, 1800లో 162 టన్నుల హీరో, 1806లో 268 టన్నుల ఆల్ఫా, ఆ దరిదాపుల్లోనే 109 టన్నుల ట్రావెలర్ ఒకదాని వెంట ఒకటి నీటిలో దిగాయి. ఇక్కడ టన్ను అంటే ఓడ బరువు కాదు, అది ఎంత సరుకు పట్టగలదో సుంకం అధికారులు కట్టే లెక్క. మేరీ, రేంజర్ స్కూనర్లు, అంటే ఓడ పొడవు వెంబడి తెరచాపలు పరిచిన రెండు స్తంభాల ఓడలు. గాలికి ఎదురుగా వంకరటింకరగా సాగడానికీ, తక్కువ మందితో నడపడానికీ ఇవి అనువైనవి. ట్రావెలర్ బ్రిగ్, అంటే రెండు స్తంభాల మీదా అడ్డంగా నాలుగు పలకల తెరచాపలు కట్టి, వెనుక గాలి పట్టుకుని మహాసముద్రాలు దాటే ఓడ. ఈ ఓడల్లో ఎక్కువభాగం వెస్ట్‌పోర్ట్ నది ఒడ్డున ఆయన సొంత స్థలంలో, సొంత మనుషుల చేతుల మీదుగా తయారయ్యాయి. ఓడ యాజమాన్యాన్ని వాటాలుగా పంచుకోవడం ఆనాటి ఆచారం. ఓడ మునిగితే ఒక్కడే మునగకుండా ఉండడానికి అది రక్షణ. కఫీ ఓడల్లో క్వేకర్ వర్తకులకు వాటాలు ఉండేవి, కాని పెద్ద వాటా, ఓడ ఎక్కడికి వెళ్లాలనే నిర్ణయం ఆయనవే.

మేరీని వేసుకుని 1793లో ఆయన లాబ్రడార్ తీరానికి ఆనుకున్న బెల్ ఐల్ జలసంధికి తిమింగలాల వేటకు వెళ్లినప్పుడు, ఆయన వెంట రెండు వేట పడవలూ పదిమంది మనుషులూ మాత్రమే ఉన్నారు. అక్కడ అప్పటికే ఉన్న నాలుగు ఓడలవారు, ఆ ప్రాంతంలో అందరూ పాటించే పద్ధతి ప్రకారం కలిసి వేటాడడానికి మొదట నిరాకరించారు. కఫీ తన మనుషులతోనే వేట మొదలుపెట్టేసరికి, తిమింగలాలు బెదిరి చెదిరిపోతాయేమోనని వారే వచ్చి కలిశారు. ఆ సీజన్‌లో అందరూ కలిసి ఏడు తిమింగలాలను చంపగా, వాటిలో ఆరు కఫీ బృందానివి, రెండు ఆయన స్వయంగా ఈటె విసిరి కొట్టినవి. ఆ నూనెనూ ఎముకనూ ఫిలడెల్ఫియాలో అమ్మి, వచ్చిన డబ్బుతో రేంజర్ కట్టడానికి కావలసిన ఇనుప సామాను కొని తెచ్చాడు. ఆయన ఎదుగుదల అంతా ఇలాంటిదే; ఒక ప్రయాణపు లాభం మరో ఓడ పలకల్లోకీ మేకుల్లోకీ వెళ్లేది.

రేంజర్‌తో మేరీల్యాండ్ రాష్ట్రంలోని వియన్నా అనే చిన్న రేవుకు మొక్కజొన్న కొనడానికి వెళ్లడం ఆయన చేసిన ప్రయాణాల్లో ప్రమాదకరమైనది. మేరీల్యాండ్ బానిసత్వం ఉన్న రాష్ట్రం. 1793లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో పట్టుకున్నా యజమానికి అప్పగించాలి. దాన్ని అడ్డం పెట్టుకుని స్వతంత్రులైన నల్లవారిని కూడా పట్టుకుపోయి అమ్మేసేవారు. మరోవైపు కరీబియన్‌లోని ఫ్రెంచి వలస అయిన సాన్ డొమింగ్‌లో, అంటే నేటి హైతీలో, 1791 నుంచి బానిసలు తిరగబడి పోరాడుతున్న వార్తలు దక్షిణాది యజమానులకు నిద్ర లేకుండా చేస్తున్నాయి. అటువంటి సమయంలో కెప్టెన్ మొదలు వంటవాడి దాకా అందరూ నల్లవారే ఉన్న ఓడ ఒకటి రేవులోకి వస్తే ఊరు ఎలా ఉలిక్కిపడిందో చెప్పనక్కరలేదు. తమ బానిసలకు ఈ దృశ్యం కనబడడమే ప్రమాదమని వారి భయం. కఫీ తన ఓడ పత్రాలు సుంకం అధికారి ముందు పెట్టాడు. వాటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తన మనుషులు ఊళ్లో నోరు జారకుండా, ఎవరితోనూ కలహం పెట్టుకోకుండా చూసుకున్నాడు. కొద్దిరోజుల్లోనే ఊరి పెద్దల్లో ఒకరు ఆయనను తమ కుటుంబంతో కలిసి భోజనానికి పిలిచారు. సుమారు మూడువేల బుషెల్‌ల మొక్కజొన్నతో ఆయన వెస్ట్‌పోర్ట్‌కు తిరిగివచ్చాడు. అయితే తన హుందాతనంతో ఆయన గెలుచుకున్న గౌరవం ఆయన ఒక్కడికి దక్కినదే గాని, ఆ రేవు చుట్టూ పొలాల్లో పనిచేస్తున్న బానిసల బతుకు దానివల్ల రవ్వంత కూడా మారలేదు. ఈ సంగతి ఆయనకు తెలియకపోలేదని తరువాతి జీవితమే చెబుతుంది.

వెస్ట్‌పోర్ట్‌లో పిల్లలకు బడి కావాలని ఇరుగుపొరుగును కూడగట్టబోతే, నల్లపిల్లలతో కలిసి చదవడం దగ్గర మాట కుదరలేదు. 1797 ప్రాంతంలో ఆయన తన సొంత స్థలంలో తానే బడి కట్టించి, అన్ని రంగుల పిల్లలకూ తలుపులు తెరిచాడు. 1808లో అధికారికంగా క్వేకర్ల సంఘంలో చేరాడు. మిత్రుల సమాజం అని తమను తాము పిలుచుకునే ఈ క్రైస్తవ శాఖలో అప్పట్లో పూజారులు ఉండేవారు కాదు. సభ్యులు మౌనంగా కూర్చుని, లోపలి ప్రేరణ కలిగినవారు మాత్రమే లేచి మాట్లాడేవారు. యుద్ధాన్ని, ప్రమాణాలను, ఆడంబరాన్ని, ఎదుటివాడి హోదాకు టోపీ తీయడాన్ని వద్దనేవారు. 1770ల నాటికే న్యూ ఇంగ్లండ్ క్వేకర్లు తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోరాదని నిషేధించారు. క్వేకర్ సంఘాల్లో నల్లవారిని సభ్యులుగా చేర్చుకోవడం మాత్రం ఆ రోజుల్లో అరుదు. 1813లో వెస్ట్‌పోర్ట్ సమావేశ మందిరాన్ని కొత్తగా కట్టినప్పుడు దాని ఖర్చులో గణనీయమైన భాగం భరించింది ఆయనే.

ఆఫ్రికా వైపు ఆయన దృష్టి మళ్లడానికి ఇంటి చుట్టూ ఉన్న సముద్రమే కారణమని చెప్పవచ్చు. వెస్ట్‌పోర్ట్ రోడ్ ఐలండ్ రాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంది. అమెరికా రేవుల నుంచి బానిసల కోసం బయలుదేరిన ఓడల్లో అత్యధిక భాగం రోడ్ ఐలండ్‌వే. బ్రిస్టల్ పట్టణంలోని డివుల్ఫ్ కుటుంబం ఆ వర్తకంలో తరతరాల ఆస్తి గడించింది. అక్కడి బట్టీల్లో కాచిన రమ్ము ఆఫ్రికా తీరానికి వెళ్లేది, దానికి బదులుగా మనుషులు కరీబియన్‌కు చేరేవారు, అక్కడి నుంచి రమ్ము కాయడానికి మొలాసిస్, అంటే చెరకు మడ్డి, తిరిగి వచ్చేది. బ్రిటన్ 1807లో, అమెరికా 1808 జనవరి నుంచి బానిసల వర్తకాన్ని నిషేధించినా దొంగచాటుగా అది సాగుతూనే ఉంది. మనుషులను అమ్మితే వచ్చే లాభానికి పోటీగా మరో లాభం చూపించనంత వరకూ ఆఫ్రికా తీరపు పాలకులు గానీ, అమెరికా కెప్టెన్లు గానీ ఆ పని మానరని కఫీ అభిప్రాయం. పామాయిలు, బియ్యం, కలప, దంతం వంటి సరుకులను నల్లవారే పండించి, నల్లవారి ఓడల్లోనే అమెరికాకూ ఇంగ్లండుకూ చేర్చాలన్నది ఆయన పథకం.

దానికి ఆయన ఎంచుకున్న చోటు పశ్చిమ ఆఫ్రికా తీరంలోని సియెరా లియోన్. బానిస వర్తకాన్ని వ్యతిరేకించే ఆంగ్లేయులు 1787లో లండన్ వీధుల్లోని పేద నల్లవారి కోసం అక్కడ వలస ఏర్పరచగా, 1792లో నేటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి దాదాపు 1,200 మంది వచ్చి ఫ్రీటౌన్ పట్టణాన్ని నిలబెట్టారు. వీరు అమెరికన్ స్వాతంత్ర్య యుద్ధంలో స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి బ్రిటిష్ పక్షానికి పారిపోయిన అమెరికన్ బానిసలు. 1800లో జమైకా కొండల్లో తిరుగుబాటు చేసిన మరూన్లు, అంటే పారిపోయిన బానిసల సంతతివారు, వచ్చి చేరారు. 1808లో అది బ్రిటిష్ రాజు పాలనలోకి వచ్చింది. కఫీ 1810 డిసెంబరులో ట్రావెలర్ మీద, అంతా నల్లవారే ఉన్న బృందంతో, ఫిలడెల్ఫియా నుంచి బయలుదేరి, 1811 మార్చి 1న ఫ్రీటౌన్ చేరాడు. చుట్టుపక్కల ఆఫ్రికన్ పాలకులను కలిసి, బులోమ్ తీరపు రాజుకు బైబిలునూ, యుద్ధాన్ని ఖండించే వ్యాసాల పుస్తకాన్నీ కానుకగా ఇచ్చాడు. కాని ఆయనను ఎక్కువగా కలవరపెట్టింది వలసదారుల పరిస్థితి: వారి పంటను కొనేదీ, వారికి కావలసిన సరుకు అమ్మేదీ ఒకరిద్దరు యూరోపియన్ వర్తకులే కావడంతో, రెండు వైపులా ధర వారు చెప్పిందే. స్వేచ్ఛ ఉన్నా బేరం లేని బతుకు అది. దీనికి విరుగుడుగా ఆయన వలసదారులచేత ఫ్రెండ్లీ సొసైటీ అనే పరస్పర సహకార సంఘం పెట్టించాడు. సభ్యులు పంటను ఒకచోట చేర్చి, మధ్యవర్తి లేకుండా ఇంగ్లండుకు నేరుగా పంపడం దాని పని. సంఘానికి ముందు నిలిచిన జాన్ కిజెల్ జీవితమే ఒక చరిత్ర: ఆ తీరంలోనే షెర్బ్రో ప్రాంతంలో పుట్టి, బానిసగా అమెరికా దక్షిణాదిలోని చార్ల్‌స్టన్‌లో అమ్ముడుపోయి, బ్రిటిష్ సేనల వైపు తప్పించుకుని, నోవా స్కోషియా మీదుగా మళ్లీ పుట్టిన తీరానికి చేరినవాడు.

ఆ వేసవిలో ఇంగ్లండు నుంచి పిలుపు రాగా కఫీ ట్రావెలర్‌ను లివర్‌పూల్‌కు నడిపాడు. నాలుగేళ్ల కిందటి వరకూ బ్రిటన్ బానిస వర్తకానికి రాజధానిలా ఉన్న ఆ రేవులోకి, నల్ల కెప్టెన్, నల్ల నావికులు, ఆఫ్రికా సరుకుతో ఓడ రావడం పత్రికలకు ఎక్కిన విశేషమైంది. కాని దిగగానే ఎదురైంది వేరు. బ్రిటిష్ నౌకాదళానికి మనుషులు చాలనప్పుడు రేవుల్లో దొరికిన నావికులను బలవంతంగా పట్టుకుపోయే ముఠాలు ఉండేవి. వారు కఫీ ఓడలోని ఒక ఆఫ్రికన్ కుర్రవాడిని లాక్కుపోయారు. ఆయన వెంటనే లండన్ వెళ్లి, క్వేకర్ శాస్త్రవేత్త విలియం అలెన్, బానిస వర్తకం మీద జీవితమంతా పోరాడిన థామస్ క్లార్క్‌సన్ వంటివారి సాయంతో అతణ్ణి విడిపించాడు. బానిస వర్తక నిషేధం కోసం పార్లమెంటులో పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్‌నూ, లండన్‌లోని ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూషన్ సంఘం పెద్దలనూ కలిసి, వర్తకానికి అనుమతులు సంపాదించి, మళ్లీ ఫ్రీటౌన్ మీదుగా స్వదేశానికి తిరిగాడు.

1812 ఏప్రిల్‌లో రోడ్ ఐలండ్ జలాల్లోకి వచ్చేసరికి అమెరికా సుంకం అధికారులు ఓడనూ సరుకునూ జప్తు చేశారు. బ్రిటన్‌తో వర్తకం నిషేధిస్తూ కాంగ్రెస్ చేసిన చట్టాన్ని, బ్రిటిష్ వలస నుంచి సరుకు తేవడం ఉల్లంఘించినట్టే. ప్రముఖుల నుంచి ఉత్తరాలు తీసుకుని కఫీ నేరుగా వాషింగ్టన్ వెళ్లాడు. మే 2న అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్‌నూ, ఖజానా కార్యదర్శి ఆల్బర్ట్ గాలటిన్‌నూ కలిసి, తనకు చట్టం సంగతి తెలియదని చెప్పి, ప్రయాణపు ఉద్దేశం ఏమిటో వివరించగా, ఓడను, సరుకును తిరిగి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షుడిని క్వేకర్ పద్ధతిలో బిరుదులేవీ లేకుండా పేరు పెట్టే పిలిచాడని తరువాత చెప్పుకునేవారు.

తిరుగు ప్రయాణంలో జరిగినది ఆయన దినచర్యలో ఉంది. వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు గుర్రపు బండిలో వెనుక సీటులో కూర్చుని ఉండగా, తలకు పౌడరు అద్దుకున్న దర్జా మనిషి ఒకడు ఎక్కి, అక్కడి నుంచి లేవమన్నాడు. కఫీ కదలలేదు. గొడుగు పెట్టెలో పెట్టాలి లెమ్మన్నాడు. కఫీ లేచి, గొడుగు పెట్టనిచ్చి, మళ్లీ కూర్చున్నాడు. ఆడవారు వస్తున్నారు, నువ్వు దిగాలన్నాడు. కఫీ మాట కలపలేదు. ఆడవారు నిజంగా వచ్చినప్పుడు మాత్రం తానే లేచి, స్త్రీలకు చోటివ్వడం తమ అలవాటని చెప్పి, ఆ సీటులో వారిని కూర్చోబెట్టాడు. దారిలో ఒక సత్రం దగ్గర కాంగ్రెస్ సభ్యుడు విలియం హంటర్ ఎదురై కెప్టెన్ అంటూ ఆప్యాయంగా మాట్లాడడం చూసిన ఆ దర్జా మనిషి, బాల్టిమోర్ చేరకముందే తానే వెనుక సీటు తీసుకోమని కెప్టెన్‌ను బతిమాలాడు. కఫీ కృతజ్ఞతలు చెప్పి, ఆయన సీటులో ఆయననే ఉండమన్నాడు. బాల్టిమోర్‌లో ఒక భోజనశాలవారు నౌకర్లతో కూర్చుంటే తప్ప అన్నం పెట్టమన్నారు. తాను నౌకర్లకంటే గొప్పవాడినని అనుకుని కాదు గాని, ఆ షరతు ఒప్పుకోదగినది కాదని రాసుకుని, ఆయన మరో చోట తిన్నాడు. దేశాధ్యక్షుడితో ముఖాముఖి మాట్లాడి వస్తున్న మనిషికి భోజనం దొరకని దేశం అది. ఈ కొద్ది వాక్యాల్లో కోపం ఎక్కడా పైకి కనిపించదు; కాని పట్టు ఎక్కడా సడలదు.

1812 జూన్‌లో అమెరికా, బ్రిటన్‌ల మధ్య యుద్ధం మొదలై పథకమంతా ఆగిపోయింది. ఈలోగా బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల నల్లవారిచేత సియెరా లియోన్‌కు తోడ్పడే సంఘాలు పెట్టించాడు. యుద్ధం మధ్యలోనే ఫ్రీటౌన్‌కు వెళ్లే అనుమతి కోరుతూ కాంగ్రెస్‌కు విన్నపం పెట్టగా, సెనేట్ ఒప్పుకుంది, ప్రతినిధుల సభ 1814లో కొద్ది ఓట్ల తేడాతో కాదంది. శాంతి కుదిరాక 1815 డిసెంబరు 10న ట్రావెలర్ మళ్లీ బయలుదేరింది. ఈసారి ఓడలో 38 మంది వలసదారులు: 18 మంది పెద్దలు, 20 మంది పిల్లలు. శీతాకాలపు అట్లాంటిక్ తుఫానుల మధ్య ప్రయాణించి, 1816 ఫిబ్రవరి 3న ఫ్రీటౌన్ చేరారు. వారిలో ఎక్కువమంది ఖర్చు కఫీదే. లండన్ సంఘం నుంచి వస్తుందనుకున్న సాయం రాలేదు, అమెరికన్ ఓడ కావడంతో సరుకు దించడంలో ఆంక్షలు ఎదురయ్యాయి, సుంకాలు బాదారు. వేల డాలర్ల నష్టంతో ఆయన తిరిగివచ్చాడు. ఒక్క మనిషి తన జేబుతో ఒక సముద్రాన్ని దాటించగలిగేది ఎందరినో ఈ ప్రయాణం తేల్చి చెప్పింది. ప్రభుత్వాల అండ లేకుండా ఇది సాగదని ఆయనకూ అర్థమైంది.

సరిగ్గా అక్కడే ఆయన పని ఇతరుల చేతుల్లో మరో రూపం దాల్చింది. 1816 డిసెంబరులో వాషింగ్టన్‌లో అమెరికన్ కాలనైజేషన్ సొసైటీ ఏర్పడింది. స్వతంత్రులైన నల్లవారిని ఆఫ్రికాకు పంపడం దాని ఉద్దేశం. దాని నాయకుల్లో రాబర్ట్ ఫిన్లే వంటి మతబోధకులతో పాటు హెన్రీ క్లే, బుష్‌రాడ్ వాషింగ్టన్ వంటి బానిస యజమానులూ ఉన్నారు. వీరిలో కొందరికి బానిసత్వం మీద ఏవగింపు ఉండవచ్చు, కాని స్వేచ్ఛగా తిరిగే నల్లవాడు కళ్లెదుట లేకపోతే తమ బానిసలు అణిగి ఉంటారన్న లెక్క మరికొందరిది. ఫిన్లే సలహాలు అడుగుతూ కఫీకి ఉత్తరం రాశాడు, ఆయన తనకు తెలిసినది చెప్పాడు. 1817 జనవరిలో ఫిలడెల్ఫియాలోని బెతెల్ చర్చిలో దాదాపు మూడువేల మంది నల్లవారు సమావేశమై ఈ పథకాన్ని ముక్తకంఠంతో తిరస్కరించారు. సభను నడిపినది కఫీకి ఆప్తమిత్రుడూ, తెరచాపలు కుట్టే కర్మాగారం యజమానీ అయిన జేమ్స్ ఫోర్టెన్. కఫీ ఆలోచనను ఎంతో సమర్థించిన ఫోర్టెన్, తమ ప్రజల్లో ఒక్కరు కూడా ఆఫ్రికా వెళ్లడానికి ఒప్పుకోవడం లేదని ఆయనకు ఉత్తరంలో తెలిపాడు.

ఈ రెండు పథకాలనూ ఒకే గాటన కట్టడం కఫీకి అన్యాయం. ఆయన కోరినది వెళ్లాలనుకున్నవారు వెళ్లడం, వెళ్లినవారికి ఓడలూ వర్తకమూ చేతిలో ఉండడం, రెండు తీరాల మధ్య రాకపోకలు సాగడం; సొసైటీ పెద్దల్లో చాలామంది కోరినది ఒకవైపు ప్రయాణం. అయినా ఆఫ్రికా మట్టి మీద అప్పటికే అక్కడ ఉంటున్న జాతుల హక్కు గురించి, బ్రిటిష్ పాలన కింద ఆ వలస ఎంతవరకు స్వేచ్ఛగా ఉండగలదన్న దాని గురించి ఆయన తగినంతగా ఆలోచించలేదన్న విమర్శలో బలముంది. బానిసత్వానికి వేళ్లు ఆఫ్రికా తీరంలో కంటే అమెరికా పత్తి చేలలోనే లోతుగా దిగుతున్న కాలమది. ఆ సంగతి ఫిలడెల్ఫియా సభకు వచ్చిన సామాన్యులు ముందే పసిగట్టారు.

కఫీ అప్పటికే జబ్బుపడి ఉన్నాడు. 1817 సెప్టెంబరు 7న వెస్ట్‌పోర్ట్‌లో, 58 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తాను కట్టించడానికి తోడ్పడిన మందిరం పక్కన ఖననం చేశారు. ఆయన ఆస్తి విలువ సుమారు 20,000 డాలర్లుగా లెక్కతేలింది. న్యూయార్క్ నల్లవారి చర్చిలో పీటర్ విలియమ్స్ సంతాప ప్రసంగం చేశాడు. 1820లో కాలనైజేషన్ సొసైటీ తొలి ఓడ ఎలిజబెత్ వలసదారులతో షెర్బ్రో ప్రాంతానికి చేరినప్పుడు వారికి ఆశ్రయమిచ్చింది జాన్ కిజెలే. జ్వరాలతో అనేకులు మరణించగా, మిగిలినవారి వారసత్వం లైబీరియా వలసగా కొనసాగింది. కఫీ కొడుకు పాల్ కఫీ జూనియర్ ముప్పై ఏళ్లు తిమింగలాల వేటలోనూ ఇతర ఓడల మీదా తిరిగి, ఆ అనుభవాలను 1839లో పుస్తకంగా ప్రచురించాడు. అందులో తనను తాను పీకాట్ ఆదివాసిగా చెప్పుకున్నాడు. కెప్టెన్ కఫీ ఉత్తరాలూ, లెక్కల పుస్తకాలూ, ఓడ దినచర్యలూ న్యూ బెడ్‌ఫర్డ్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, ఆ అక్షరక్రమంతో సహా.